కర్త ఎక్కడ?

ప్రెస్సు, ప్రూఫుల బల్ల
జూలై

అరసున్నకు,

నీ మొదటి ఉత్తరం అందింది. చదివాను. దిద్దాను. దీనితోపాటే తిప్పి పంపుతున్నాను. ఎర్రసిరా చూసి ఏడవకు. అది కోపం కాదు, ఉద్యోగం.

ముందు పెద్ద తప్పులు. ‘ఇల్లు వదిలి వచ్చినందుకు భాధగా ఉంది’ అని రాశావు. బాధలో ఒత్తు రెండో అక్షరానికే. రెండింటికీ పెట్టినంత మాత్రాన బాధ రెట్టింపు అవదు. చదివేవాళ్ళకి నవ్వొస్తుంది, అంతే.

ఇంకోటి. ‘నాకు మేడ మీది గది కేటాయించబడింది.’ ఎవరు కేటాయించారు? ఆకాశమా? ఇంటావిడ ఇచ్చింది. అయితే ‘ఇంటావిడ నాకు గది ఇచ్చింది’ అని రాయి. ఈ ‘బడు’ ఉంది చూశావా, ఇది చేసినవాళ్ళు తప్పించుకోవడానికి వాడే మాట. ఆఫీసులు వాడతాయి. దొంగలు వాడతారు. నా కూతురు వాడకూడదు. వాక్యం పూర్తయిన ప్రతిసారీ ఒక్క ప్రశ్న వేసుకో: కర్త ఎక్కడ?

ఇక చిన్న విషయాలు. గొడుగు పట్టుకెళ్ళు. లోపలి గడియ వేసుకో. కాలేజీలో ముందు బెంచీలో కూర్చో. నోరు తెరువు. రాసినా పలకని అక్షరం అరసున్న ఒక్కటే అని నీకు ఆ ముద్దుపేరు పెట్టాను గానీ, జీవితాంతం దాన్నే పట్టుకుని వేలాడమని కాదు. సాహిత్యం చదివేవాళ్ళు కనీసం పేరడిగితే చెప్పగలగాలి.

ఫోను ఎందుకు చెయ్యనో అడిగావు. ఫోనులో నేను మాట్లాడతాను, నువ్వు ‘ఊ’ అంటావు. ‘ఊ’ని ఎలా దిద్దను?

మీ నాన్న అచ్చు మిషను చప్పుడులోంచి అరుస్తున్నాడు, దాన్ని వేళకి తినమని రాయి, అని. తిను.

అమ్మ


మేడ మీది గది
ఆగస్టు

అమ్మా,

నువ్వు దిద్దిన ఉత్తరాన్ని నాకంటే ముందు ఇంటావిడ చూసింది. ఆవిడకి కవర్లు చింపే అలవాటుంది. ‘పొరపాటున చిరిగిందమ్మాయ్’ అంటుంది. రోజూ పొరపడుతుంది. కాగితం నిండా ఎరుపు చూసి, ‘పరీక్ష పోయిందా?’ అంది.

‘కాదండీ. మా అమ్మ ఉత్తరం.’

ఆవిడ లోపలికెళ్ళి గిన్నెడు బిస్కెట్లు తెచ్చిచ్చింది. నీ వల్ల నాకు కలిగిన మొదటి లాభం ఇది.

గది బాగుంది. మంచం ఒకవైపు కుంటిది. నీ నిఘంటువు దాని కాలి కింద పెట్టాను. గుండెపోటు తెచ్చుకోకు, అట్ట వేసే పెట్టాను. కిటికీ తీస్తే ఎదురుగా రేకుల షెడ్డు. అక్కడ బోర్డులు రాస్తారు. దుకాణాల బోర్డులు, గోడల మీద హెచ్చరికలు, లారీల వెనక బెదిరింపులు. ఆ షెడ్డు పెద్దాయనని వీధంతా నిచ్చెన మాస్టారు అంటుంది. నిచ్చెన ఆయనదే కానీ ఎప్పుడూ ఎక్కడు. ఎత్తంటే భయం. కింద నిలబడి, పైనున్నవాళ్ళకి, ‘కొమ్ము వంగింది, నడుము వంచకు, కిందకి చూడకు, నన్ను చూడు’ అని అరుస్తుంటాడు. కిందకి చూడకుండా ఆయన్ని ఎలా చూడాలో ఎవరూ అడగరు. ఆయన్ని చూస్తుంటే నాకు ఇల్లు గుర్తొస్తోంది.

నాకు ‘అ ఆ’ల కంటే ముందు నీ గుర్తులే వచ్చాయి. మాట కొట్టేసి పక్కన తోక తిప్పితే ‘తీసెయ్’ అని. కొట్టేసిన మాట కింద వరసగా చుక్కలు పెడితే ‘వద్దులే, ఉన్నది ఉన్నట్టే ఉంచు’ అని. నా బొమ్మల మీద, నా కథల మీద, చివరికి నేను నీకు రాసిచ్చిన పుట్టినరోజు కాగితం మీద కూడా తోకలు చూశాను. చుక్కలు మాత్రం ఒక్కసారీ పడలేదు. ఆ గుర్తు నీకు అసలు నేర్పారా?

కాలేజీ ఉన్నచోటే ఉంది.

వేళకి తింటున్నానని నాన్నకి చెప్పు.

అరసున్న


ప్రెస్సు, అదే బల్ల
సెప్టెంబరు

అరసున్నా,

ఈసారి నీ ఉత్తరంలో తప్పుల్లేవు. అందుకే అనుమానమొచ్చింది.

నిచ్చెన మాస్టారి గురించి అంత రాశావు. ఇంటావిడ గురించి రాశావు. మంచం కాలి గురించి కూడా రాశావు (ఆ నిఘంటువు సంగతి ఎదురుపడ్డాక తేల్చుకుందాం). కాలేజీకి మాత్రం ఒక్క వాక్యం: ‘ఉన్నచోటే ఉంది.’ భవనాలు ఉన్నచోటే ఉంటాయి. నేనడిగింది నువ్వెక్కడున్నావని.

పైగా నీ రాత మారింది. నీ అక్షరాలు చీమల బారులా ఉండేవి, భూతద్దం పెట్టి చదివేదాన్ని. ఇప్పుడు ఒక్కొక్కటీ బలిసింది. తలకట్టు లావుగా మొదలై సన్నగా తేలుతోంది. కలంతో అలా రాదు. కుంచెతో వస్తుంది. కవరు మూల మీద నీలం వేలిముద్ర కూడా ఉంది. అది సిరా అయితే నీళ్ళు తగిలిన చోట పాకేది. పాకలేదు. నేను బతికేదే ఈ కళ్ళ మీద, వీటిని మోసం చెయ్యాలంటే నువ్వింకా చాలా ఎదగాలి.

మీ నాన్నకి చూపించాను. ‘అబ్బ, పిల్లకి చెయ్యి తిరిగిందే!’ అని మురిసిపోయాడు. చెయ్యి సరే, కాళ్ళెటు తిరుగుతున్నాయో కనుక్కో అన్నాను. మళ్ళీ మిషను దగ్గరికి పారిపోయాడు. మన కుటుంబంలో ఎవరికి మాట్లాడాలనిపించకపోయినా మిషను చప్పుడు అడ్డం వస్తుంది.

తిన్నగా అడుగుతున్నాను. కాలేజీకి వెళ్తున్నావా? వెళ్ళకపోతే అక్కడ ఏం పీకుతున్నావు?

అమ్మ


మేడ మీది గది
అక్టోబరు

అమ్మా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చాలా కాగితాలు చింపాను. ఇంటావిడ ఆ ముక్కలు కూడా చదివింది. ‘చెప్పేసెయ్యమ్మాయ్, నాకే టెన్షనుగా ఉంది’ అంది. చెబుతున్నాను.

కాలేజీలో మొదటి రోజు హాజరు పిలిచారు. ‘ఉన్నానండీ’ అన్నాను. వినబడలేదు. లేనట్టు రాసుకున్నారు. రెండో రోజు ఇంకాస్త గట్టిగా అన్నాను. పక్కమ్మాయికి వినబడింది. ‘ఎవరో ఏదో అన్నారు సార్’ అని చెప్పింది. ‘ఎవరు?’ అని ఆయన అద్దాలు సర్దుకుని తరగతంతా చూశారు. అందరూ చూశారు. నేను తల పుస్తకంలో దూర్చాను. మళ్ళీ లేనట్టే రాసుకున్నారు. నేను అక్కడే, ముందు బెంచీలో, నువ్వు చెప్పినట్టే కూర్చుని ఉన్నాను. అలా కొన్నాళ్ళు గడిచాక, ఉండి కూడా లేనిదాన్నైనప్పుడు వెళ్ళకపోతే తేడా ఏముంది అనిపించింది.

వెళ్ళని రోజు కిటికీ దగ్గర నిలబడ్డాను. షెడ్డులో ఒక బోర్డు రాస్తున్నారు. ‘విద్యుత్’కి చివర పొల్లు లేదు. నాకు చేతులు దురద పెట్టాయి. అది నీ రోగమే, నాకంటింది. కిందకి దిగి, మాస్టారి దగ్గరికి వెళ్ళి, వేలితో చూపించాను. మాట రాలేదు. ఆయన నా వేలిని చూశాడు, బోర్డుని చూశాడు, నా చేతిలో కుంచె పెట్టాడు. ‘నువ్వే పెట్టు’ అన్నాడు.

పెట్టాను. అమ్మా, ఆ పొల్లు నా చెయ్యంత ఉంది.

అప్పట్నుంచి అక్కడికే వెళ్తున్నాను. నిచ్చెన ఎక్కుతాను. నాకు ఎత్తంటే భయం లేదని తెలిసింది. మనుషులంటేనే భయం, వాళ్ళు కింద ఉంటారు. నా గొంతు పక్క బెంచీకి వినబడదు. నా ‘క’ వీధి చివరికి కనబడుతుంది.

నేను కాలేజీ మానేశాను. నాకు కొంచెం స్వేచ్చ కావాలి.

నాన్నకి నువ్వే చెప్పు. మిషను ఆగినప్పుడు చెప్పు.

అరసున్న


ఇల్లు
అక్టోబరు

నీ ఉత్తరం తిప్పి పంపుతున్నాను. కాలేజీ మానేశానన్న వాక్యం, దాని పక్క వాక్యం, రెండూ అనవసరం. కొట్టేశాను. పక్కన తోక తిప్పాను. ఇప్పుడు మళ్ళీ చదువుకో, ఎంత హాయిగా ఉందో.

రేపు కాలేజీకి వెళ్ళి, ముందు బెంచీలో నిలబడి, నీ పేరు అరిచి చెప్పు. చెప్పలేకపోతే పలక మీద రాసి ఎత్తి చూపించు. దానికి నిచ్చెన అక్కర్లేదు.

బడి పిల్లల పుస్తకాల పని నడుస్తోంది కాబట్టి బతికిపోయావు. నవంబరు ఆఖరుకి అచ్చు పూర్తవుతుంది. అప్పటికీ నీ తీరు మారకపోతే మీ నాన్నా నేనూ బయల్దేరి వచ్చి నిన్ను తీసుకొచ్చేస్తాం. సామాను సర్దుకోవడం మొదలుపెట్టు. ముందు నా నిఘంటువు తియ్యి.

అమ్మ


మేడ మీది గది
అక్టోబరు

మహారాజశ్రీ ప్రూఫ్ రీడరు గారికి,

తమరు దిద్ది పంపిన ఉత్తరం చేరింది. తమరు కొట్టేసిన వాక్యాలు తియ్యడానికి వీలుపడదని మనవి. ఉత్తరాన్ని తమకే తిప్పి పంపుతున్నాను. తమరు దయచేసి

ఈ ‘తమరు’ నా వల్ల కావడం లేదు. మానేస్తున్నాను.

అమ్మా, నీ ప్రశ్నే నీకు. ‘నేను కాలేజీలో చేర్చబడ్డాను.’ కర్త ఎక్కడ? దరఖాస్తు నువ్వు నింపావు. ఏం చదవాలో నువ్వు ఎంచావు. ముందు బెంచీ నువ్వు ఎంచావు. గొడుగు రంగు కూడా నువ్వే. ఆ వాక్యంలో నేను కర్తని కాదు, కర్మని. రెండర్థాల్లోనూ.

ఇప్పుడు ఇది చూడు. ‘నేను కాలేజీ మానేశాను.’ నేను, కర్త. కాలేజీ, కర్మ. మానేశాను, క్రియ. ఎక్కడా ‘బడు’ లేదు. ఎవరి వెనకా దాక్కోలేదు. నా జన్మలో ఇంత శుభ్రమైన వాక్యం రాయలేదు. నువ్వు నేర్పినట్టే రాశాను. దాన్నే కొట్టేశావు.

నేనేదో వీధులు పట్టి తిరుగుతున్నానని అనుకుంటున్నావు కాబట్టి ఒక కాగితం పెడుతున్నాను. మా వీధి చివర పళ్ళ డాక్టరు కొత్తగా ఆసుపత్రి తెరుస్తున్నాడు. ఆయన బోర్డు నాకిచ్చారు. పూర్తిగా నాకే. మాటలు డాక్టరువి. అక్షరాల కొలతలు, ఎడం, వంపు అన్నీ నావి. ఆ ‘ళ్ళ’ ఎలా కూర్చుందో చూడు, నములుతున్నట్టు లేదూ?

చూడ్డానికి పంపుతున్నాను. దిద్దడానికి కాదు. మళ్ళీ చెబుతున్నాను: చూడ్డానికి.

అరసున్న


ప్రెస్సు
నవంబరు

అరసున్నా,

చూశాను.

‘ళ్ళ’ బాగానే ఉంది. కాదనను. కానీ దాని కింద ఏం రాశావే! ‘ఇక్కడ నొప్పి లేకుండా పళ్ళు పీకబడును.’ పీకబడునా? నేను నిన్ను కని పెంచింది ‘పీకబడును’ అని రాయడానికా? మాటలు డాక్టరువని తప్పించుకోకు. డాక్టరుకి పళ్ళు తెలుస్తాయి, భాష నీకు తెలియాలి. నాకు చెయ్యి ఆగలేదు. ‘పీకబడును’ కొట్టేసి, తోక తిప్పి, పక్కన అడగాల్సింది అడిగాను. కాగితం ఇందులోనే ఉంది. సరిచేసి రాసుకో.

కర్త, కర్మ అని నాకే పాఠం చెప్పావు. ముందు అందులో తప్పు వెతికాను. తర్వాత కోపమొచ్చింది. తర్వాత మీ నాన్నకి చదివి వినిపించాను. ఆయన నవ్వాడు. తర్వాత ఆయన మీద కోపమొచ్చింది.

ఒక మాట చెప్తా విను. నా జీవితమంతా ఇతరుల పుస్తకాలు దిద్దాను. ఏ పుస్తకంలోనూ నా పేరు లేదు. తప్పు దొర్లితే మాత్రం ఓనరు ముందు నా పేరే పిలుస్తాడు. నీ పేరు అట్ట మీద ఉండాలనుకున్నాను. నువ్వు రాస్తే వేరే ఎవత్తో కూర్చుని దిద్దాలి అనుకున్నాను. నువ్వు చూస్తే పోయి పోయి బోర్డుల్లో పడ్డావు. పుస్తకం నచ్చితే ఎవరు రాశారని అట్ట తిరగేస్తారు. పళ్ళ డాక్టరు బోర్డు చూసి, ఇది ఎవరు రాశారు అని అడిగినవాడు ఈ భూమ్మీద ఉన్నాడా? నోరు లేని పిల్లవి, పేరు కూడా లేకుండా పోతావే అని నా భయం. అది నీకు పట్టదు.

నువ్వు తిప్పి పంపిన ఆ పాత ఉత్తరం నా బల్ల సొరుగులో ఉంది. అది అచ్చుకి పోదు. ఆఖరి వారంలో వస్తున్నాం. సామాను సర్దుకో.

అమ్మ


షెడ్డు, రంగు డబ్బా మీద కూర్చుని
నవంబరు

అమ్మా,

నువ్వు కూర్చుని చదువు.

నీ కవరు వచ్చిన రోజు నేను రంగులు తేవడానికి పక్క ఊరు వెళ్ళాను. ఇంటావిడ ఎప్పటిలాగే పొరపాటున చింపింది. లోపల బోర్డు కాగితం చూసి, అర్జంటేమోనని మాస్టారికి ఇచ్చేసింది. మాస్టారు, నేను లేని లోటు తెలియకుండా, బోర్డు తనే రాసేశాడు. నేల మీద పెట్టి రాయడానికి ఆయనకి భయం లేదు కదా. నేను తిరిగొచ్చేసరికి అది ఆసుపత్రి మేడ మీదికి ఎక్కిపోయింది. కింద జనం.

నీలం రంగులో, నా కొలతల్లో, చక్కగా: ‘పళ్ళ ఆసుపత్రి. ఇక్కడ నొప్పి లేకుండా పళ్ళు పీకబడును.’ ‘పీకబడును’ మీద అడ్డంగా ఎర్ర గీత. గీత చివర పందితోకలాంటి తోక. ఆ పక్కన, ఎర్రగా, అచ్చం నీ చేతిరాతలో, మనిషెత్తు అక్షరాలు:

‘ఎవరు పీకుతారు? కర్త ఎక్కడ?’

నేను మాస్టారిని చూశాను. ఆయన గర్వంగా నిలబడి ఉన్నాడు.

‘ఇదేంటి మాస్టారూ?’

‘ఏది?’

‘ఆ ప్రశ్న.’

‘కాగితంలో ఉందిగా.’

‘అది మా అమ్మ నాకు రాసింది.’

‘అలాగా! మరి చెప్పవేం? నువ్వు నోరు తెరిస్తే కదా నాకు తెలిసేది! అక్షరం మన పని, అర్థం కస్టమరు పని. ఎర్రగా ఉన్నది ఎర్రగా వేశాను. ఆ తోక తిప్పడానికి నడుం పడిపోయింది, అదైనా చూడు.’

ఇంతలో డాక్టరు మెట్లు దిగి వచ్చాడు. చేతిలో పటకారు. ‘ఎవరు పీకుతారేంటి? ఎవరు పీకుతారేంటి? చదువుకున్నది నేను, కుర్చీ కొన్నది నేను. నేను కాకపోతే ఎదురు టైలరు పీకుతాడా?’ అని వీధంతా వినేలా అరిచాడు. ఎదురు టైలరు తన గుమ్మంలోంచి ‘నన్ను లాగకండి సార్’ అన్నాడు. కుర్రాళ్ళు ఈలలు వేశారు. మాస్టారు నా వెనక నిలబడ్డాడు. ఎవరి వెనకా నిలబడటానికి నాకు మాత్రం చోటు మిగల్లేదు.

డాక్టరు నన్ను చూశాడు. ‘నువ్వేనా? చెరుపు! ఇప్పుడే చెరుపు!’

అప్పుడే ఒక ముసలాయన దవడ పట్టుకుని జనంలోంచి తోసుకుని వచ్చాడు. పాపం బుగ్గ బూరెలా వాచిపోయి ఉంది. ‘ఇంతకీ ఎవరయ్యా పీకేది?’ అన్నాడు.

‘నేనే!’ అన్నాడు డాక్టరు.

‘ఆ ముక్కేదో బోర్డు మీద రాయొచ్చుగా’ అంటూ ముసలాయన మెట్లెక్కి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

అమ్మా, అప్పుడు నా నోరు తెరుచుకుంది. తెరిచింది నేనే. ‘చెరిపితే మరక మిగులుతుందండీ’ అన్నాను. ‘ప్రశ్న ఉండనివ్వండి. కింద జవాబు రాద్దాం.’ వినబడలేదేమోనని మళ్ళీ గట్టిగా అన్నాను. వీధి చివర టీ కొట్టువాడు ఇటు తిరిగాడు. అంత గట్టిగా.

డాక్టరు పటకారు దించాడు. నేను నిచ్చెన ఎక్కాను. నీ ప్రశ్న కింద నీలం రంగుతో, ‘నేనే. నొప్పి లేకుండా పీకుతాను.’ అని రాసి, ఆయన పేరు రాశాను. ఇప్పుడు ఈ ఊళ్ళో ఎవరికి పన్ను నొప్పి వచ్చినా ఆ మెట్లే ఎక్కుతున్నారు. ఎక్కుతూ, ‘కర్త ఉన్నాడా?’ అని అడుగుతున్నారు. డాక్టరు మొదట్లో మూలిగేవాడు. ఇప్పుడు ‘ఉన్నాను, రండి’ అంటున్నాడు.

నిన్ను చెరపలేదు అమ్మా. అది నీకు తెలియాలని రాశాను. నీ ప్రశ్న మంచిదే. ప్రతిసారీ మంచిదే. జవాబు మాత్రం నన్ను రాసుకోనివ్వు.

సామాను సర్దుకోలేదు. వస్తే రా. చూడ్డానికి రా.

అరసున్న


ఇల్లు
డిసెంబరు

అరసున్నకు,

నీ ఉత్తరం చదివి ఆ పూట ప్రెస్సుకి వెళ్ళలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా చేతి కింద నుంచి తప్పు బయటికి పోలేదని చెప్పుకుంటాను. పోయిన మొదటిది మేడంత ఎత్తున పోయింది. అదీ ఎవరూ అడగని దిద్దుబాటు. మీ నాన్న మిషను ఆపి మరీ నవ్వాడు.

మేం వచ్చాం. ఆఖరి వారంలోనే. నీకు చెప్పలేదు.

ముందు బోర్డు చూశాను. నా చేతిరాతని అంత పెద్దగా ఎప్పుడూ చూసుకోలేదు. మీ మాస్టారు ప్రశ్న గుర్తు కొక్కెం కూడా నాలాగే తిప్పాడు, దొంగవెధవ. కింద నీ జవాబు. ఆ కింద, మూలన, వేలెడంత అక్షరాల్లో ‘రాత: అరసున్న’. నేను సగం ముద్దుకీ సగం వెక్కిరింపుకీ పెట్టిన పేరు. ఎండలో నిలబడి ఎంతసేపు చూశానో తెలీదు. పక్కన ఒకతను, ‘ఎవరండీ ఈ అరసున్న, భలే రాశాడే’ అన్నాడు. ‘రాశాడు కాదు, రాసింది’ అని దిద్దాను. అడిగినవాడు భూమ్మీద ఉన్నాడు. ఒప్పుకుంటున్నాను.

తర్వాత నిన్ను వెతుక్కుంటూ వచ్చాం. నువ్వు పెద్ద గోడ మీద, నిచ్చెన చివర ఉన్నావు. ‘వాహనములు నిలుపుట నిషేదం.’ ద. ఉత్త ద. నేను రోడ్డుకి ఇవతల నిలబడి ఉన్నాను. అరుపు నా గొంతు దాకా వచ్చింది. అరిస్తే ఉలిక్కిపడి కిందపడతావు. చేత్తో నోరు మూసుకున్నాను. మీ నాన్న నా మోచెయ్యి పట్టుకుని టీ కొట్టులోకి లాక్కెళ్ళాడు. ఆ టీ నా జీవితంలో తాగిన అతి చెత్త టీ.

నువ్వు దిగావు. మాస్టారు ‘బ్రహ్మాండం, పద పోదాం’ అన్నాడు. నువ్వు కదల్లేదు. వెనక్కి వెనక్కి నడుచుకుంటూ రోడ్డు దాటి, దాదాపు నా కాలు తొక్కేంత దగ్గరికి వచ్చి నిలబడి చూశావు. వెనక్కి తిరగలేదు. ఉన్నట్టుండి ‘ఒత్తేదీ?’ అని అరిచావు. టీ కొట్టులో గ్లాసు జారిపడింది. అరిచి, పరిగెత్తుకెళ్ళి మళ్ళీ నిచ్చెన ఎక్కావు.

మీ నాన్న ‘ఇది మన పిల్లేనా?’ అన్నాడు. ఆ అరుపు నాది. నోరు నీది. ఇక అక్కడ నేను చెయ్యాల్సిన పని కనిపించలేదు. మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చేశాం. కలవకుండా వచ్చానని అలగకు. కలిస్తే ఏదో ఒకటి దిద్దేదాన్ని.

ఒకటి మాత్రం చెప్పక తప్పదు. మీ మాస్టారు నిచ్చెన పట్టుకున్నట్టు నటిస్తున్నాడు. పట్టుకోవడం లేదు. తీసుకెళ్ళి డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టు.

ఇందులో నీ అక్టోబరు ఉత్తరం పెడుతున్నాను. కొట్టేసిన రెండు వాక్యాల కింద చుక్కలు పెట్టాను. ఆ గుర్తు నాకు నేర్పారు. వాడే అవసరం రాలేదు, అంతే.

చుక్కలు పెట్టాలంటే అక్షరం అక్షరం చూసుకుంటూ పోవాలి. అప్పుడు కనిపించింది. స్వేచ్ఛకి కింద ఒత్తు ‘ఛ’ రావాలి. నువ్వు ఉత్త ‘చ’ పెట్టావు. ఇది మొదటిసారి నా కళ్ళెలా దాటిపోయిందా అని ఆలోచించాను. తీసేసే మాటని ఎవరూ దిద్దరు. ఉంచే మాటనే దిద్దుతారు.

నిషేధానికి ఒత్తు నువ్వే పెట్టుకున్నావు. స్వేచ్ఛకి నేను పెట్టాను.

కాలేజీ మానితే మానావు. ఒత్తు మానకు.

అమ్మ